వైద్యవిద్యార్థులు - రోగుల సాంఘికావసరములు: రూపకల్పనా పద్ధతిని గూర్చి

వైద్యుడు వ్రాసి యిచ్చు మందుల చీటీలో రోగి పేరు, వయస్సు, మందు, మోతాదు ఉండును. భోజనము చేసిన పిమ్మట వేసికొనవలెనని కూడ ఉండును. ఆ భోజనము ఇంట ఉన్నదా లేదా అన్న సంగతి మాత్రము అందుండదు. తిండి, నీడ, కూలి పోగొట్టుకొనకుండ ఆసుపత్రికి వచ్చు వీలు, బస్సు చార్జీ, తోడు వచ్చు మనిషి, తన మాట తెలిసిన వైద్యుడు - మందుతో పాటు రోగికి కావలసిన వీనినన్నిటిని కలిపి నేటి వైద్యశాస్త్రజ్ఞులు సాంఘికావసరములని వ్యవహరించుచున్నారు. వైద్యము, నర్సింగు మున్నగు విద్యల నభ్యసించువారికి ఈ అవసరములను కనిపెట్టుటయు, తగిన ఏర్పాటు చేయుటయు నేర్పుట యెట్లు? ఇందులకై డిజైను థింకింగు అను ఒక పద్ధతి కొన్ని కళాశాలలలో వాడుకలోనికి వచ్చినది. తెలుగున దీనిని రూపకల్పనా పద్ధతి యనవచ్చును. ఆ పద్ధతి స్వరూపమును, ఆంధ్ర తెలంగాణములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి దానితో గల ప్రసక్తిని వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పేరు క్రొత్తదే కాని విషయము క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున తిండివనములో జరిగిన యొక సంఘటన దక్షిణదేశమున వైద్యచరిత్ర నెఱిగినవారందరకు తెలిసినదే. ఒక రాత్రి మూడు ఇండ్లవారు, ఒకరి తరువాత ఒకరుగా, ప్రసవవేదన పడుచున్న తమ స్త్రీలకు సాయమడుగుటకై ఐడా స్కడర్ అను యువతి కడకు వచ్చిరి. ఆమె వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడు. కాని పురుషుని పురుటింటిలోనికి రానిచ్చుటకు ఆ మూడు కుటుంబములలో నెవ్వరును అంగీకరింపలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఐడా అమెరికాకు పోయి 1899లో కోర్నెల్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, 1900లో వేలూరున ఒక్క మంచముతో వైద్యశాల ప్రారంభించెను. 1918లో అచ్చట స్త్రీలకై వైద్యవిద్యాలయము ఏర్పడినది. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో తెలుగు తాలూకాలు అనేకముండెడివి. 1911 వఱకు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. అందువలన వేలూరి ఆసుపత్రి మెట్లపై తెలుగు వినబడుట నాటి నుండియు ఉన్నదే.

ఈ కథలో గమనింపవలసినది ఒకటి కలదు. ఆ రాత్రి వైద్యుడున్నాడు, మందున్నది, పిలువ వచ్చిన మనుష్యులున్నారు. లేనిది ఆ యింటివారు లోనికి రానిచ్చు వైద్యురాలు. ఇతరులైనచో ఆ కుటుంబములను మూఢులని నిందించి ఊరకుండెడివారు. ఐడా స్కడర్ కొరతను సరిగా పోల్చుకొనెను. రూపకల్పనా పద్ధతి యంతయు ఈ పోల్చుకొనుటపై ఆధారపడియున్నది.

ఇట్టిదే మఱియొక ఉదాహరణము అమెరికాదేశమున కలదు. జాక్ గైగర్ అను వైద్యవిద్యార్థి 1957లో దక్షిణాఫ్రికాలోని ఫొలేలా అను గ్రామీణ ప్రాంతమునకు పోయెను. అచ్చట సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అను వైద్యదంపతులు 1940లో ఒక ఆరోగ్యకేంద్రమును నెలకొల్పియుండిరి. ఆ కేంద్రమువారు రోగి వచ్చువఱకు కూర్చుండక ఇండ్లకు పోయెడివారు; కూరగాయల తోటలు వేయించుట, మరుగుదొడ్లు త్రవ్వించుట కూడ వారికి వైద్యములో భాగమే. విద్యార్థిదశలో కన్నులార చూచిన దానిని గైగర్ మఱువలేదు. పదేండ్ల తరువాత, 1967లో, మిసిసిపీ రాష్ట్రమున మౌండ్ బాయూ అను నల్లజాతివారి పట్టణమున టఫ్ట్సు విశ్వవిద్యాలయము తరఫున ఆరోగ్యకేంద్రము తెఱచినపుడు, ఆకలిచే కృశించిన పిల్లలకు అచ్చటి వైద్యులు మందుల చీటీలపై తిండి వస్తువులు వ్రాసి యిచ్చిరి. ఆ చీటీలు ఊరి కిరాణా దుకాణములలో చెల్లెడివి. ఖర్చు మందుల పద్దున పడెడిది. మందుల పద్దు రోగములకే గాని తిండికి కాదని పై అధికారులు ఆక్షేపింపగా, వైద్యగ్రంథములలో పోషకాహారలోపమునకు చెప్పబడిన చికిత్స ఆహారమే కదా యని గైగర్ సమాధానము. అంతటితో ఆగక కేంద్రమువారు ఆ కౌంటీలోని పేదలచే సహకార వ్యవసాయ సంఘమును పెట్టించి కూరగాయలు పండింపించిరి. చీటీ మొదటి ప్రయత్నము మాత్రమే. దాని వలన తెలిసినదానిని బట్టి రెండవది వచ్చినది.

ఇక పద్ధతి సంగతి. వస్తువులను నిర్మించువారి ఆలోచనాసరణిని ఒక శాస్త్రముగా చూడవచ్చునని హెర్బర్ట్ సైమన్ 1969లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. ఉన్న స్థితిని కోరదగిన స్థితిగా మార్చుటకు ఉపాయము పన్నువాడెల్ల రూపకర్తయే యని ఆయన అభిప్రాయము. ఆ లెక్కన రోగికి చికిత్స నిర్ణయించు వైద్యుడు కూడ రూపకర్తయే. తరువాతి కాలమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఈ సరణిని విద్యార్థులకు బోధించుటకై అయిదు మెట్లుగా ఏర్పరచిరి. అవసరము గలవాని బ్రతుకును దగ్గరనుండి చూచి అతని కన్నుతో లోకమును చూచుట మొదటిది. చూచినదానిని బట్టి అసలు కొరత యేదో ఒక వాక్యములో నిర్వచించుట రెండవది. పిమ్మట అనేక ఉపాయములను నిర్భయముగా ఊహించుట, వానిలో ఒకదానికి చవుకగా ఒక నమూనా చేయుట, ఆ నమూనాను అవసరము గలవాని చేతికే యిచ్చి పరీక్షించుట. పరీక్షలో తప్పినచో మొదటికి గాని రెండవదానికి గాని మరలవలెను. మొదటి మెట్టునకు సహానుభూతి యని పేరు. ఇది జాలి కాదు. జాలి పడువాడు ఎత్తున నిలిచి చూచును; సహానుభూతి గలవాడు ప్రక్కన కూర్చుండును.

మెట్లు అయిదని చెప్పుట సులభము. కష్టమంతయు రెండవ మెట్టున నున్నది. 2007లో స్టాన్‌ఫర్డులో కొందఱు విద్యార్థులకు తక్కువ వెలకు శిశువులను వెచ్చగా నుంచు పెట్టెను తయారుచేయు పని యిచ్చిరి. నెలలు నిండని శిశువు ఒంటి వేడిని నిలుపుకొనజాలదు. ఆసుపత్రులలో అట్టివారినుంచు యంత్రము చాల ఖరీదైనది. విద్యార్థులలో ఒకడు నేపాళమునకు పోయి చూడగా, ఆసుపత్రిలో దానముగా వచ్చిన పెట్టెలు కొన్ని ఖాళీగనే యున్నవి. పల్లెలలో పుట్టిన పిల్లలు ఆసుపత్రి చేరకముందే పోవుచున్నారు. దానితో ప్రశ్నయే మారినది. ఆసుపత్రికి చవుక పెట్టె గాక, కరెంటు లేని యింటిలో తల్లి చేతికి తగిన సాధనము కావలెను. మైనమువంటి పదార్థము గల సంచిని కాచి, దానిని చిన్న పడకసంచిలో అమర్చి, కొన్ని గంటలపాటు వెచ్చదనము నిలుచునట్లు చేసిరి. ఆ వస్తువునకు ఎంబ్రేస్ అని పేరు. ఆ బృందము పిమ్మట బెంగుళూరునకు వచ్చి పనిచేసినది. భారతదేశపు తల్లులకు నమూనా చూపినపుడు మఱియొక చిక్కు బయటపడెను. ఉష్ణము 37 డిగ్రీలుండవలెనని చెప్పినచో, ఇంగ్లీషు వైద్యము తీక్ష్ణమైనది గనుక తాను కొంత తగ్గించియే ఉంచెదనని ఒక తల్లి చెప్పెను. మాత్రను సగము విఱిచి పిల్లలకిచ్చు అలవాటు మన యిండ్లలో ఎఱుగనిది కాదు. విద్యార్థులు తల్లికి పాఠము చెప్పబూనక, అంకెలను తీసివేసి, సరిగా నున్నది లేక లేదు అని మాత్రమే తెలుపు గుర్తును పెట్టిరి.

వైద్యవిద్యార్థికి ఈ శిక్షణ ప్రత్యేకముగా కావలసి వచ్చుటకు కారణము అతని చదువులోనే ఉన్నది. మూడు లక్షణములు వినగానే రోగము పేరు చెప్పుట అతనికి నేర్పబడిన విద్య. పరీక్షలలో మార్కులు దానికే. సాంఘికావసరముల విషయమున ఆ చురుకుదనమే అడ్డుపడును. రోగి మందు మానెనని వినగానే అశ్రద్ధ అని పేరు పెట్టి, బోధ చేసిన సరిపోవునని విద్యార్థి తలచును. అశ్రద్ధ అను మాట అనేక సందర్భములలో వైద్యుడు అడుగని ప్రశ్నకు మారుపేరు.

అమెరికాలో 1996లో రెబెక్కా ఓనీ అను కళాశాలా విద్యార్థిని బోస్టనులోని ఆసుపత్రిలో ఒక బల్ల వేయించెను. వైద్యులు తిండి, చలికాలపు వెచ్చదనము మొదలగువానిని చీటీపై వ్రాయగా విద్యార్థి స్వచ్ఛందసేవకులు వానిని సమకూర్చుటకు దారి చూపెడివారు. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయమున బాన్ కూ అను అత్యవసర చికిత్సా వైద్యుడు 2015 ప్రాంతమున వైద్యవిద్యార్థులకే రూపకల్పనా శిక్షణను ప్రారంభించెను. మన దేశమున పేరు లేకపోయినను దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నము సేవాగ్రామమున జరిగినది. డాక్టరు సుశీలా నయ్యరు 1969లో అచ్చట స్థాపించిన మహాత్మాగాంధీ వైద్యకళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థులు గాంధీ ఆశ్రమములో శిబిరముండుటయు, ఒక్కొక్క తరగతివారు ఒక్కొక్క గ్రామమును దత్తత తీసికొని అచ్చటి కుటుంబములను చూచుచుండుటయు కలదు. జాతీయ వైద్యసంఘము 2022లో దేశములోని వైద్యకళాశాలలన్నిటికిని కుటుంబదత్తత కార్యక్రమమును విధించి, ప్రతి విద్యార్థి కనీసము మూడు కుటుంబములను చూడవలెనని నియమించినది. అంతకుముందు 2019లో వచ్చిన క్రొత్త పాఠ్యప్రణాళికలో స్థానికభాషా బోధనను ప్రారంభశిక్షణలో చేర్చిరి. మంచి నియమములే. ఐనను దత్తత యనగా రక్తపుపోటు చూచి, పట్టికలో గీతలు పెట్టి వచ్చుటగా ముగిసినచో రెండవ మెట్టు ఎక్కినట్లు కాదు. పట్టికలో ఉన్న ప్రశ్నలకే జవాబులు దొరకును. ఇంటిలో ఉన్న కొరత పట్టికలో ఉండకపోవచ్చును.

పద్ధతిని బోధించు తీరు తెలియుటకై ఒక కల్పితోదాహరణము చెప్పుకొందము. షోలాపురములో పద్మశాలి కుటుంబములు తెలంగాణమునుండి పోయి మగ్గములపై స్థిరపడినవి. స్త్రీలు పెక్కుమంది బీడీలు చుట్టుదురు. అట్టి స్త్రీ ఒకతెకు క్షయ సోకినదనుకొందము. ఆరు మాసములు ప్రతిదినము మందు వాడవలెను. మందులు ప్రభుత్వము ఉచితముగ నిచ్చును. ఆహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయుచుండిరి. 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేసిరి. ఇంత యున్నను ఆమె రెండవ నెలలో ఆసుపత్రికి రాలేదు. విద్యార్థి మొదటి నిర్వచనము: రోగి మందుల ప్రాముఖ్యము నెఱుగదు. ఉపాధ్యాయుడు దీనిని కొట్టివేసి ఆమె యింటికి పంపవలెను. పోయి ఒక పూట చేటముందు కూర్చుండి చూచిన విద్యార్థికి, బీడీల కూలి వేయింటికి ఇంతయని లెక్కగట్టుదురని తెలియును. ఆసుపత్రి తెఱచియుండు వేళయు, చుట్టిన బీడీలు అప్పగించు వేళయు ఒకటే యైనచో రెండిటిలో ఏది మానవలెనో ఆమెకు తెలిసినంత వైద్యునికి తెలియదు. డబ్బు వచ్చిన నెలలో కొన్న గ్రుడ్లు ఆమె పళ్లెమున పడవు, పిల్లల పళ్లెమున పడును. కాబట్టి రెండవ నిర్వచనము వేఱుగా నుండును: ఒక పూట కూలి పోకుండ మందు చేతికందవలెను, తిండి రోగికి గాక ఇంటికి కావలెను.

ఈ రెండవ మాట ఊహ కాదు. జార్ఖండులో నాలుగు జిల్లాలలో జరిగి 2023లో ఫలితములు ప్రకటింపబడిన రేషన్స్ పరిశోధనలో క్షయరోగులకే గాక వారి ఇంటివారికి కూడ ధాన్యము, పప్పు, విటమినులు ఇచ్చి చూచిరి. రోగికి మాత్రమే తిండి అందిన ఇండ్లతో పోల్చగా, ఇంటివారికి కూడ అందినచోట కుటుంబసభ్యులకు క్రొత్తగా క్షయ సోకుట 39 శాతము తగ్గినది. అంటువ్యాధి రూపమున వచ్చునది 48 శాతము తగ్గినది. మౌండ్ బాయూలో గైగర్ వ్రాసిన చీటీకి ఇది లెక్కలతో కూడిన సమర్థనము.

పై యుదాహరణములో విద్యార్థి చేటముందు కూర్చుండెనని చెప్పితిమి. ఏ భాషలో మాటలాడెనో చెప్పలేదు. ప్రవాసాంధ్రులకు సంబంధించిన చిక్కు ఇచ్చటనే ఉన్నది. కళాశాలలో నేర్పు స్థానికభాష రాష్ట్రభాష. 1953లో మైసూరులో చేరిన బళ్ళారిలోను, 1936లో ఒడిశా ఏర్పడినపుడు అందు చేరిన బరంపురములోను, హోసూరు ప్రాంతమునను వీధిలో రాష్ట్రభాష మాటలాడి, ఇంట తెలుగు మాటలాడు వృద్ధులు వేలకొలది కలరు. ఒంటి బాధ యింటి భాషలోనే వచ్చును. యానాము రోగి పుదుచ్చేరి పెద్దాసుపత్రికి పోయినచో తన కేంద్రపాలిత ప్రాంతమందే పరభాషలో బాధ చెప్పుకొనవలసి వచ్చును.

ఒక్క నీరసము అను మాటను చూడుడు. రసము తొలగిపోయిన స్థితి యని దాని వ్యుత్పత్తి. రక్తహీనతకు అదే మాట, ఆకలికి అదే మాట, నిద్రలేమికిని మనోవ్యాధికిని అదే. ఇంట తిండి లేదని చెప్పుటకు మానము అడ్డువచ్చిన స్త్రీ నీరసముగా ఉన్నదనును. దీనిని బలహీనత యని మార్చి వ్రాసికొన్న విద్యార్థి బలపు మాత్ర వ్రాయును. పథ్యము అను మాట యింతకంటె ముఖ్యమైనది. మన పెద్దలు వైద్యుని తప్పక అడుగు ప్రశ్న: ‘పథ్యమేమి?’ ఏమి తినవచ్చు, ఏమి తినరాదు అని అర్థము. ఇంటి వంటగదిలోనికి రోగి తానై తెఱచిన తలుపది. ‘ఏదైనా తినవచ్చు’ నని చెప్పి వైద్యుడు ఆ తలుపును మూయుచున్నాడు. ‘మామూలుగా ఏమి తింటారమ్మా?’ యని తిరిగి యడిగినచో, సాంఘికావసరములను గూర్చిన పట్టికలో పది ప్రశ్నలకు జవాబు దానంతట అదియే వచ్చును. ఈ సంగతి అమెరికా కళాశాలల పాఠములలో దొరకదు.

దుబాసీ పని నేడు ఎవరు చేయుచున్నారు? చాల ఇండ్లలో బడికి పోవు పిల్లలు. అవ్వకు తెలుగు, వైద్యునకు తమిళమో కన్నడమో ఒడియాయో. నడుమ ఏడవ తరగతి మనుమడు. బడి మానిపించి వానిని ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలలో హాజరుపట్టీ చూచువారికి ఇది తెలిసినదే. మనుమని యెదుట అవ్వ తన మూత్రబాధను చెప్పదు, కోడలు తిండి పెట్టని సంగతి అసలే చెప్పదు. మోకాళ్ళనొప్పి యని చెప్పి మందు తీసికొని వచ్చును. పిల్లవాడు చక్కగా అనువదించెనని అందఱును మెచ్చుకొందురు.

రూపకల్పనా పద్ధతికి పరిమితులు లేకపోలేదు. రెండు దినముల శిబిరము పెట్టి, గోడలకు రంగుకాగితములంటించి, యోగ్యతాపత్రములు పంచి దీనిని ముగించు కళాశాలలను గూర్చి విమర్శకులు హాస్యమాడుట న్యాయమే. చాలని కూలికి, లేని రేషను కార్డుకు విద్యార్థి చేసిన నమూనా ప్రత్యామ్నాయము కాజాలదు. అన్నిటికంటె ముఖ్యమైన దోషము వేఱొకటి కలదు. తిండి యున్నదా యని అడిగి, లేదని చెప్పించుకొని, ఏమియు చేయక వెళ్ళిపోవుట అడుగకపోవుట కంటె అన్యాయము. జవాబును ఎవరికి అందజేయవలెనో నిర్ణయించుకొనిన పిమ్మటనే విద్యార్థి చేత ప్రశ్న అడిగింపవలెను. ఆరు మాసముల తరువాత ఆ విద్యార్థి వేఱొక విభాగమునకు పోయినచో ఆ యింటిని చూచునది ఎవరు? ఊరి తెలుగు సంఘము, ఆరోగ్యకార్యకర్త, పాఠశాల - వీరికి ఇందు స్థానమున్నది.

తెలుగు సంఘములు ఈ పనికి పూనుకొన్నచో మొదట తోచు ఆలోచన తెలుగులో కరపత్రములు అచ్చువేయుట. దీనిని కూడ పద్ధతి ప్రకారము పరీక్షించి చూడవలెను. వేలూరు, హోసూరు, మదుర ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడు వారనేకులకు తెలుగు లిపి రాదు; వారు చదివినది తమిళము. తెలుగు లిపి నేర్చిన మనుమనికి ‘భోజనానంతరము’ అను మాట పాఠ్యపుస్తకపు మాట. అవ్వకు అసలు వినబడని మాట. ‘అన్నం తిన్నాక’ అన్నచో ఇద్దఱికిని తెలియును. అందువలన ఆ కరపత్రము అచ్చువేసినవారికి తృప్తి నిచ్చి, రోగి యింట పొట్లము కట్టుటకు ఉపయోగపడును. తెలుగు మాటలను తమిళలిపిలోనో కన్నడలిపిలోనో వ్రాయవలెనన్నచో భాషాభిమానులకు మనసొప్పదు. లిపి నేర్పుట బడి పని, దానిని బడిలో గట్టిగా చేయవలసినదే. రోగి చీటీపై ఆ పంతము పనికిరాదు. కొన్నిచోట్ల వ్రాతకంటె గొంతు మేలు: ఆ ఊరి యాసలో మాటలాడు ఒక స్త్రీ చేత మందు వేళలను పలికించి ఫోనులో వినిపించుట నేటి దినములలో ఖర్చులేని నమూనా.

ఏది చేసినను ముందు పదిమంది అవ్వల చేతిలో పెట్టి చూడవలెను. ‘తెలిసినదా?’ యని అడుగరాదు, తెలిసినదనియే అందురు. ‘అవ్వా, ఇంటికి పోయి ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటారో నాకొకసారి చెప్పండి’ అని విద్యార్థి అడుగవలెను. ఆమె చెప్పుదానిని తాననుకొన్న మాటలలో గాక ఆమె మాటలలోనే వ్రాసికొని, తప్పు పోయినచోట చీటీని మార్చి, మరుసటి వారము మఱల పోవలెను.